దుంగ మాదిరి

వెంకటముని బిడ్డకు వీపు నిలువునా కోసి, స్లాబుకు కట్టినట్టు లోపల కమ్మీలు బిగిస్తారంట అని బోరింగు దగ్గర నారాయణమ్మ చెప్పిందంట. ఆ మాట చౌడేపల్లెలో మూడు వీధులు తిరిగి, బడిలో నాలుగో తరగతి పిల్ల మునీశ్వరి దగ్గరికి వచ్చి ఆగింది. వెంకటముని కూతురు ఆ పిల్లే. మాట మోసుకొచ్చింది నారాయణమ్మ మనవరాలు భార్గవి.

"వానకు తడిస్తే తుప్పు పట్టదా మే?" అని కూడా అడిగింది.

మునీశ్వరికి భయం వేయలేదు. గుండె గంతులేసింది. తొమ్మిదేళ్ళ పిల్లకు కుడి భుజం మిట్ట, ఎడమ భుజం పల్లం. గౌను ఎట్లా కుట్టించినా ఒక పక్కకు జారేది. బడిలో అందరూ కొడవలి అనే పిలిచేవాళ్ళు. మునీశ్వరి అని పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. కమ్మీలు కాదు, గడ్డపార దించినా సరే, నిలబడితే నిట్రాటలా నిలబడాలి. అంతే ఆ పిల్లకు కావలసింది.

అంతకు ముందు నెలలో అమ్మానాన్నలూ పిల్లలిద్దరూ బెంగుళూరు ఆస్పత్రికి పోయి వచ్చారు. అక్కడి పెద్ద డాక్టరు మునీశ్వరినీ, ఆరేళ్ళ తమ్ముడు తేజనూ చొక్కాలు విప్పించి ముందుకు వంగమన్నాడు. ఇద్దరి వంకర వీపుల మీద వేలితో గీత గీసి చూశాడు. తర్వాత అమ్మానాన్నలను మాత్రం లోపలికి పిలిచి తలుపు వేసుకున్నాడు. బయటికి వచ్చినప్పుడు అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె పేరు చిన్నక్క. నాన్న ఆస్పత్రి కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

కన్నడ నర్సు ఒకామె వచ్చింది. తేజ ఆమె చెయ్యి కొరికి బెంచీ కిందికి దూరాడు. ఆమె నవ్వేసి, మునీశ్వరిని మంచం మీద పడుకోబెట్టింది. కన్నడంలో బిడ్డా అని 'మగు' 'మగు' అంటూ, ఆపరేషను అయ్యాక బిడ్డను ఎట్లా తిప్పాలో, ఎట్లా కూర్చోబెట్టాలో చిన్నక్కకు చేసి చూపించింది.

ఆ రోజు నుంచి ఇంట్లో పాఠం మొదలైంది. సాయంత్రం పాలు పిండగానే చిన్నక్క చేతులు కడుక్కుని వచ్చేది.

"పడుకో మే. మోకాళ్ళ నడమ దిండు పెట్టుకో. బుజమూ నడుమూ ఒగటే సారి తిరగల్ల. ఒగటి ముందర, ఒగటి ఎనక గాదు. దుంగ మాదిరి."

మొదట్లో అమ్మకు పట్టు జారేది. పది రోజులకు కుదురుకుంది. ఒళ్ళు కదిలినట్టే తెలియకుండా తిప్పేసేది.

"నొప్పి ఉంటాదా అమ్మా?"

"ఉంటాదంట. దిండు ఎదకు అదుముకొని దగ్గితే తక్కువంట."

"ఎన్ని దినాలు వంగకూడదు?"

"ఆర్నెల్లు. వంగేది లేదు, బరువెత్తేది లేదు, మెలి తిరిగేది లేదు."

"అప్పుటికి సక్కంగా అయిపోతాదా?"

"అవతాదని డాక్టరు సెప్పినాడు." చిన్నక్క దిండు గలీబు సర్దింది.

వెంకటముని కూడా ఊరికే కూర్చోలేదు. చాప మీద పడుకుంటే లేవడం కష్టమని వడ్రంగి గంగులప్ప చేత మంచం చేయించాడు. వంగకుండా మరుగుకు కూర్చోవాలని ప్లాస్టిక్ కుర్చీకి నడిమధ్య బొక్క కోయించి దొడ్లో పెట్టాడు. మునీశ్వరి మంచమెక్కి పడుకుంటే పాదాలు జానెడు బయటికి వచ్చాయి.

"కురసైంది నాయనా."

"సాల్తాదిలే" అన్నాడు.

పుంగనూరు నుంచి ముందర గుండీలుండే చొక్కాలు మూడు తెచ్చాడు. మునీశ్వరి వేసుకుని చూసింది. ఎంత లాగినా గుండీ పడలేదు. మిట్ట పోతే అదే పడుతుందిలే అనుకుని మడిచి పెట్టింది.

ఊపిరితిత్తులకు బలమని బెలూన్లు ఊదమన్నారు. తేజ ఊదకుండా పగలగొట్టేవాడు. మునీశ్వరి బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదేది. "నేను వచ్చినాక నా మింద ఎగరకూడదు రా. కుట్లు పిగులుతాయి" అని తమ్ముడికి రోజూ చెప్పేది. వాడు తలూపేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా అవ్వ ఈశ్వరమ్మ లేచి దొడ్లోకి పోయేది.

బడిలో సారుకు కూడా తనే చెప్పింది, ఆర్నెల్లు రానని. సారు అటెండెన్సు మూసి, "అట్లే కానీ మునీశ్వరి" అన్నాడు. పట్టీ చూడకుండా ఎవరైనా ఆ పేరు పిలవడం అదే మొదటిసారి. భార్గవితో పందెం కూడా కట్టింది: తిరిగి వచ్చినాక బోర్డు పక్కన నిలబడితే ఇద్దరిలో పొడుగు ఎవరో చూద్దామని.

ఎస్టీడీ బూతుకు ఫోను వచ్చింది. బిడ్డను సోమవారం చేర్చమన్నారు.

ఆదివారం పొద్దున్నే పుంగనూరు బస్టాండుకు పోవడానికి ఆటో వచ్చింది. మునీశ్వరి తలస్నానం చేసి, రెండు జడలు బిగించి, వైరు బుట్టలో బ్రష్షు, దువ్వెన, ఊదని బెలూన్లు నాలుగు పెట్టుకుని అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. అమ్మ నేర్పినట్టే, వీపు ఆనించకుండా, మెలి తిరగకుండా. చిన్నక్క తేజను ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. నారాయణమ్మ కూడా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

వెంకటముని వైరు బుట్ట తీసి అరుగు మీద పెట్టాడు.

"దిగు మే. అవ్వ కాడ ఉండు."

మునీశ్వరి పకపకా నవ్వింది. ఆటో అతనూ నవ్వాడు.

"నేను రాకుంటే ఆపరేషను ఎవురికి సేస్తారు నాయనా?"

చిన్నక్క తేజ తలను ఎదకు అదుముకుని రోడ్డు వైపు తిరిగింది. వెంకటముని కూతురి రెక్క పట్టుకుని కిందికి దించాడు.

"తేజగానికి మే, వాడు తాకనీడని నీ మింద నేర్చుకున్యాము, ఇంటికి ఒగ వీపు సక్కంగుంటే సాలు."