గడువు దాటిన పాకెట్

సాఫ్ట్‌వేర్ పరీక్షలు నడిపే కంప్యూటర్ మీద పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి పాకెట్‌కి గడువు నిన్నటితో తీరిపోయిందని ఈ ఉదయం గమనించాను. తాజా పాకెట్ ఉంటేనే యంత్రం మొరాయించదని తైపేలో మా అందరి నమ్మకం.

ప్రపంచం నలుమూలల నుంచి జనం ఉచితంగా రాసి పంపే కోడ్‌ని సరిచూసి, మా సాఫ్ట్‌వేర్‌లో కలిపేది నేను. కొత్త విడుదలకు కోడ్ పంపే గడువు కూడా నిన్నటితోనే ముగిసింది.

ఫోన్ల కంపెనీ మేనేజర్ లియావ్ తలుపు తోసుకుని వచ్చారు.

"కంపెనీ కోడ్ ఎందుకు తిప్పికొట్టావు?"

"ఈ ఉదయం వచ్చింది. గడువు నిన్న."

"ఒక్క పూట ఆలస్యానికా! అది లేకపోతే మళ్లీ విడుదల దాకా, ఆర్నెల్లు, కొత్త ఫోన్లు గోదాములో మూలుగుతాయి. ఈ ప్రాజెక్టు నీ అబ్బ సొత్తా?"

"కాదు. కంపెనీ సొత్తు కూడా కాదు."

"పోనీ, రాసిన మనిషి మీదైనా జాలి లేదా? నిన్నంతా ఊళ్లోవాళ్ల కోడ్ దిద్దుతూ కూర్చుంది. అందుకేగా ఆలస్యం!"

"తన పని ముందు చూసుకోవాల్సింది."

ఆయన వెటకారంగా నవ్వి పాకెట్ వైపు వేలు చూపించారు. "దాని గడువూ నిన్నటిదే. దాన్ని మాత్రం నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారు!"

నేను లేచి, పాకెట్ తీసి చెత్తబుట్టలో పడేశాను. తిరిగి వచ్చి కూర్చుని, ఆయన చూస్తుండగానే, ఈ విడుదలలో ఇక ఏ కోడూ చేరకుండా తాళం వేశాను.

"రాక్షసివి," అన్నారు లియావ్.

ఆ కోడ్ రాసింది నేనే. నాకు జీతమిచ్చేది ఆయన కంపెనీ.