మాణిక్యమ్మ చేతి తిమ్మిరి

నరసాపురంలో పెద్దవాళ్లతో పాటు పుట్టిన ప్రతి బిడ్డకీ మణికట్టుకు నరాల పట్టీ వేసేస్తున్న రోజులవి. మెడ ఎముక అరిగినా, షుగరు ముదిరినా, చెయ్యి మడతపడి నిద్రపట్టినా పట్టీయే కనిపెట్టి సర్దేసేది. తిమ్మిరంటే ఏమిటో కుర్రకారుకు తెలియదు.

ఆ మధ్యాహ్నం లేసు అల్లుతుండగా మాణిక్యమ్మ పట్టీ పాడైంది. కాసేపటికి వేళ్లు మొద్దుబారి జివ్వుమన్నాయి. ఆవిడ సూది పక్కన పెట్టి నవ్వుకుంది.

"కొత్త పట్టీ తెచ్చేస్తానత్తయ్యా," అంది కోడలు హేమలత కంగారుగా.

"కాసేపుండమ్మా. ఎన్నాళ్లకొచ్చిందో. చీమలు పాకుతున్నట్టుంది. అప్పట్లో పని అయ్యేసరికి రోజూ ఇంతే. మీ మావయ్యగారు కొబ్బరినూనె వెచ్చబెట్టి ఒక్కో వేలికీ రాసేవారు. పట్టీలొచ్చాక ఆయనకి నా చెయ్యి పట్టుకునే పనే పడలేదు. అడగడానికి నాకూ సిగ్గేసింది. అలాగే వెళ్లిపోయారు."

హేమలత లేచింది. లోపలికెళ్లి నూనె వెచ్చబెట్టి తెచ్చింది. ఎలా పట్టాలో తెలియక చిటికెనవేలితో మొదలుపెట్టింది.

"ఎంతసేపు రాయాలత్తయ్యా?"

"తగ్గేదాకా."

తిమ్మిరి ఎప్పుడో తగ్గిపోయింది. మాణిక్యమ్మ ఆ మాట చెప్పలేదు.