తాటిపాక సంబంధం

ఫొటోలో ఆయన భుజం మీద నాలుగు వేళ్లున్నాయి. ఆ వేళ్ల మనిషి మాత్రం లేదు. మణికట్టు దగ్గర రెండు గాజులు కనిపించేంత మేర ఉంచి, మిగతాదంతా కత్తిరించేశారు.

"పెళ్లే చేసుకోలేదన్నారు. మరి ఈ గాజుల చెయ్యి ఎవరిదంట?" అంది జాస్మిన్, లాప్‌టాప్‌లో ఆ వేళ్లని పెద్దవి చేస్తూ.

"ఎవరిదైతే ఏంటే. నచ్చకపోతే వద్దని చెప్పేద్దాం," అంది జయమ్మ వంటింట్లోంచి. పులుసు గిన్నె మీద మూత కాస్త గట్టిగానే పడింది.

పాస్టరు దేవదానంగారు తెచ్చిన సంబంధం. పెళ్లికొడుక్కి తాటిపాకలో ఉద్యోగం, సొంతిల్లు. చర్చిలో పాటలు పాడతారు. పోయిన ఆదివారం పాస్టరుగారింట్లోనే చూపులయ్యాయి. ఒకరినొకరు చూసుకున్నది తక్కువ, టీకప్పుల్లోకి చూసుకున్నది ఎక్కువ. ఈ సాయంత్రం అయిదింటికి పాస్టరుగారు ఫోన్ చేస్తారు. అవుననో కాదనో చెప్పెయ్యాలి.

నాన్న పోయి పన్నెండేళ్లు. వాకబు చెయ్యడానికి ఆ ఇంట్లో మరో మనిషి లేడు. అలాగని వాకబులో జాస్మిన్‌ని మించినవాళ్లు రాజోలు మొత్తంలో లేరు. అమలాపురం కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. పైసా కట్టక్కర్లేని, ఎవరికీ పెద్దగా తెలియని వెబ్‌సైట్లన్నీ ఆమెకి చుట్టాలు. చెరిగిపోయిన సర్టిఫికెట్‌లో అక్షరాలు తేల్చేది ఒకటి, కూత వినిపిస్తే పిట్ట పేరు చెప్పేది ఒకటి. వీధిలో ఎవరికే అవసరమొచ్చినా ఆమె దగ్గరికే వస్తారు.

పొద్దున్న ముందు ఆయన ఇల్లు చూసింది. ఏ చోటైనా పైనుంచి ఏ ఏడాది ఎలా ఉందో చూపించే సైటు ఒకటుంది. మొదట ఖాళీ స్థలం, నాలుగు కొబ్బరి చెట్లు. తర్వాత పునాది. పునాదికీ శ్లాబుకీ మధ్య మూడేళ్లు. కొంచెం కొంచెంగా కట్టుకున్నానన్న మాట నిజమే.

తర్వాత గొంతు. పాటలోంచి వాయిద్యాలన్నీ తీసేసి గొంతొక్కటే మిగిల్చే సైటులో ఆయన క్రిస్మస్ పాట వేసింది. కీబోర్డు లేదు, డప్పు లేదు. ఒంటరి గొంతు. ఎక్కడా శ్రుతి తప్పలేదు.

ఒక్కో మాటా నిజమని తేలుతున్నకొద్దీ ఆమెకి ఏదో చిన్న చికాకు. అదెందుకో ఆలోచించబుద్ధి కాలేదు.

"మీ నాన్నని నేను ఏ సైట్లో చూసి చేసుకున్నాను?" అంది జయమ్మ. "చూపులకొచ్చినప్పుడు గుమ్మం దగ్గర జోళ్లు జతచేసి పెట్టేరు. సరే అన్నాను."

"జోళ్లు చూసి మొగుణ్ణి ఒప్పుకున్నావా?"

"ఆయ్. ఏం, బాగా లేమా ఉన్నన్నాళ్లూ?"

జాస్మిన్ నవ్వి, ఫొటోని మరో సైటులో వేసింది. ఒక ఫొటో ఇస్తే, అది ఇంకెక్కడెక్కడ ఉందో వెతికిపెడుతుంది. ఒకే ఒక్కచోట దొరికింది. తాటిపాక చర్చివాళ్లు ఎప్పుడో పెట్టి, ఎప్పుడో వదిలేసిన పేజీ. నొక్కితే తెరుచుకోలేదు.

పేజీలకీ చావుంది. చచ్చిన పేజీలని దాచిపెట్టే సైటూ ఉంది. ఆ చిరునామా తీసుకెళ్లి అందులో వేసింది.

ఫొటో పైనుంచి మెల్లగా దిగింది. ఆయన. ఆయన భుజం మీద చెయ్యి. చేతి వెనక ఒక ముసలమ్మ. నిలబడే ఓపిక లేని మనిషి, ఫొటో కోసం నిలబడింది. పడిపోకుండా ఆయన ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నారు. కింద రాసుంది: మంచం పట్టిన తల్లిని ఏడేళ్లుగా ప్రతి ఆదివారం ఆరాధనకి ఎత్తుకొస్తున్న సహోదరుడు.

ఇంకొకరైతే ఈ ఫొటోనే ముందు పంపేవారు. ఈయన కత్తిరించి పంపారు.

గోడ గడియారం అయిదుకి పది నిమిషాలు చూపిస్తోంది. ఒక్క నొక్కుతో పేజీ మూసెయ్యొచ్చు. అప్పుడా చెయ్యి ఎప్పటికీ ఎవరిదో తెలియని చెయ్యే. కాదనడానికి అంతకంటే మంచి కారణం దొరకదు. పొద్దుటి నుంచి తను వెతుకుతున్నది నిజం కోసం కాదని జాస్మిన్‌కి అప్పుడు తెలిసింది. ఒక్క అబద్ధం కోసం వెతికింది. ఈ ఇల్లు, ఈ ఇద్దరు మనుషులు, ఈ పులుసు వాసన ఎప్పటికీ ఇలాగే ఉండిపోవడానికి పనికొచ్చే ఒక్క అబద్ధం.

"అమ్మా, ఇలా రా."

జయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చూసింది. తెర దగ్గరికి వంగింది.

"ఎలా పట్టుకున్నారో చూడు," అంది. "పడనివ్వరు."

ఫోన్ మోగింది. జయమ్మ ముట్టుకోలేదు.

"నువ్వే మాట్లాడు అమ్మలూ. నీ మాటే నా మాట."

జాస్మిన్ తీసింది.

"ఏవనుకున్నారమ్మా?" అన్నారు దేవదానంగారు.

ఆమె ఒకసారి తల్లి వైపు చూసింది. "మాకు ఇష్టమేనండీ."

"ఆయ్, సంతోషం. వచ్చే ఆదివారం నుంచి మూడు వారాలు చర్చిలో ప్రకటన చదువుతాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అప్పుడు చెప్పుకోవచ్చు."

"ఉన్న అభ్యంతరాలన్నీ ఇక్కడే చూసేసుకున్నామండీ."

ఆదివారం చర్చి నిండిపోయింది. ఆరాధన అయ్యాక దేవదానంగారు కళ్లజోడు సర్దుకుని, కాగితం విప్పి, అందరికీ వినపడేలా చదివారు: "తాటిపాక సంఘస్థులు యేసురత్నంగారికీ, మన సంఘస్థురాలు, మన జాస్మిన్ తల్లి జయమ్మగారికీ వివాహం నిశ్చయమైంది."