నేలమాళిగలో ఆఖరి తీగ

సోవియట్ జెండా దిగిపోయాక, రాజధాని టిబిలిసిలో కొత్త దేశపు గూఢచారి శాఖ పాత గూఢచారుల భవనంలోనే కాపురం పెట్టింది. జనం మాటలు దొంగచాటుగా వినడానికి వాళ్ళు వేసిన తీగలన్నీ తెంచెయ్యమని టెక్నీషియన్ ఎతేరిని నేలమాళిగలోకి పంపారు.

"ఊరంతా కరెంటే లేదు. చచ్చిన తీగలకి భయమెందుకే పిల్లా!" అంటూ కాపలా ముసలాయన వాఖ్తాంగ్ లాంతరు అందించి పైకెళ్ళిపోయాడు.

ఆఖరి తీగకు వేలాడుతున్న హెడ్‌ఫోనులో సన్నగా గరగర వినిపించింది. ఎతేరి చెవికి ఆనించుకుంది. అందులో అమ్మ గొంతు! ఇంట్లో పిల్లిని తిడుతోంది. వాళ్ళింట్లో ఫోనే లేదు.

ఇంతలో ఒక మగగొంతు తాపీగా పలికింది. "తల్లి ఒక్కతే ఉంది. కూతురింకా రాలేదు."

ఎతేరి కత్తెరతో తీగను తెంచేసింది. గరగర ఆగిపోయింది. హెడ్‌ఫోను తీయబోతుంటే అదే గొంతు మళ్ళీ వినిపించింది.

"తెంచేసింది. ఇక ఇంటికే పరుగెడుతుంది."