కంట్రోల్ బి

పాప పేరును బోల్డ్ చేద్దామని, కొత్తగా పనిలో చేరిన సారా కంట్రోల్, బి కలిపి నొక్కింది. పుట్టినరోజు కార్డులో పేరు పోయి, ఆ చోట ఒక వాక్యం వచ్చి పడింది: ‘పంట ఎండిపోగా నా భర్త పురుగుల మందు తాగి చనిపోయాడు.’

సారా చెయ్యి వెనక్కి లాక్కుంది. “అన్నా, ఈ పని చేసింది ఎవురు?”

“నేనే,” అన్నాడు డీటీపీ సెంటర్ యజమాని జయచంద్ర. “కోడ్ రాసి ఆ కీకి తగిలించినా. మన కళ్యాణదుర్గంలో అర్జీలకు బోల్డ్ కన్నా ఆ మాటతోనే పని ఎక్కువ.”

“చావుకు షార్ట్‌కట్ పెడ్తారా ఎవురన్నా? తీసేయ్.”

ఆయన ఆ కోడ్ తీసేశాడు.

మధ్యాహ్నం ఒకామె అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చి, సారా పక్కనే కూర్చుంది. ఈ మధ్యనే చదవడం నేర్చుకున్నట్టుంది. తెర మీద అక్షరం పడడమే ఆలస్యం, కూడబలుక్కుని పైకి చదువుతోంది.

“నా... భర్త... పు... రు... గు... ల...”

సారా వేళ్లు ఆగిపోయాయి. ఆమె తర్వాతి అక్షరం కోసం తెర వైపే చూస్తోంది.

“అన్నా,” అంది సారా తలెత్తకుండా, “ఆ కోడ్ మళ్ల పెట్టు. ఆ మాటంతా ఒగే తూరి పడిపోనీ.”