కుందేలు బొచ్చు

పెట్టెలో కుందేలు రొమ్మంతా బోడిగా, ఎర్రగా ఉంది. చుట్టూ తెల్లటి బొచ్చు. రామచంద్రపురం సంతలో కొని నా కోడలు వెంకటదుర్గ ప్రాణంగా పెంచుకుంటున్న కుందేలది. నా కొడుకు సత్యప్రసాద్‌కి అదంటే పడదు. వాడి పనే అనుకున్నాను.

కొబ్బరి మట్ట తీసుకుని బాదాను. వాడి మీద చెయ్యెత్తడం అదే మొదలు. పెదవి చిట్లి రక్తం కారింది.

"నోరులేని జీవంరా అది!"

"నేను ముట్టుకోలేదు నాన్నా!"

కోడలు పరిగెత్తుకొచ్చి మట్ట పట్టుకుంది.

"ఆగండి మావయ్యగారూ! ఆయన కాదండి. ఈనే ముందు కుందేలు తన బొచ్చు తనే పీక్కుని పిల్లలకి పక్క వేస్తుందండి. ఇదిగో చూడండి."

వంగి బొచ్చు తప్పించింది. వేలెడంత పిల్లలు నాలుగు కదులుతున్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. మట్ట పడేశాను.

"పొలం గట్లు చెక్కడం తప్ప ఈయనకేం తెలుసే!" అని వాడు ఇకిలించాడు.

పొద్దుటి నుంచి కోడలు తల మీంచి తియ్యని కొంగు అప్పుడు జారింది. చెవి పైన అరచేతి మేర జుట్టు లేదు. చర్మం కమిలిపోయి ఉంది.

"ఇది కూడా నువ్వే పీక్కున్నావా అమ్మా?"

కోడలు కొంగు మళ్ళీ తల మీదికి లాక్కుంది. వాడి నవ్వు ఆగిపోయింది.

మట్ట మళ్ళీ తీసుకున్నాను. ఈసారి కోడలు అడ్డం రాలేదు.