కదలని కారుకు టోలు

"గుమ్మంలో ఉన్న కారుకు టోలెలా పడుతుందమ్మా?" అని వరహాలు ఫోన్లో ఒంటికాలి మీద లేచాడు.

అవతల కస్టమర్ కేర్ అమ్మాయి ఓపిగ్గానే ఉంది. "మీ ఫాస్టాగ్ నుంచే కట్ అయింది సార్. మంగళవారం పొద్దున, ఔటర్ రింగ్ రోడ్డు, నానక్‌రాంగూడ టోల్‌గేటు. నిన్న మీరు ఫోన్ చేసినప్పుడు కూడా చెప్పాను కదా సార్."

"నిన్న నేనెక్కడ చేశాను? ఎవరి ఫిర్యాదు ఎవరికి అంటగడుతున్నారో మీకే తెలీదు!"

వీళ్ళ చేతిలో ఊరందరి కార్లూ పెట్టారు, హవ్వ! అనుకున్నాడు వరహాలు. గేటు దగ్గర కెమెరా తీసిన ఫొటో పంపితే తప్ప వదలనన్నాడు. ఈ పూటే పంపిస్తామంది ఆ అమ్మాయి.

వరహాలుది అనకాపల్లి వైపు. ఐటీ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజుల్లో హైదరాబాద్ వచ్చాడు. ఒక పెద్ద కంపెనీలో అకౌంట్స్ మేనేజరుగా చేశాడు. తిరుమలగిరిలో ఇల్లు కట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఆఫీసు మీద మమకారం చావక మెడలో వేసుకునే బ్యాడ్జీని కూడా తిరిగివ్వకుండా దాచుకున్నాడు. రోజూ ఆఫీసుకు తనే నడుపుకెళ్ళిన కారుకు ఇప్పుడు పెద్ద పనేమీ లేదు. ఎప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే మేడ మీద అద్దెకుంటున్న తిరుమల్ నడుపుతాడు.

అదే ఇప్పుడు అనుమానం.

మంగళవారం పొద్దున వరహాలు ఎక్కడికీ వెళ్ళలేదు. టిఫిన్ తిని, పేపరు చదువుతూ కునుకు తీశాడు. భార్య లోవలక్ష్మికి డ్రైవింగ్ రాదు. ఇక మిగిలిందెవరు?

పైగా కారు తాళం రోజుకో చోట ఉంటోంది. నిన్న కందిపప్పు డబ్బాలో దొరికింది. ఇదేమిటని అడిగితే, "ఏదో పరధ్యానంలో పెట్టుంటానండి" అంది లోవలక్ష్మి, మొహం పక్కకు తిప్పుకుని. కారు తలుపు తీసి చూస్తే డాష్‌బోర్డు మీది వినాయకుడి బొమ్మ దగ్గర వాడిన మందారం ఉంది. దొంగకు భక్తి కూడానా అని వరహాలు పళ్ళు నూరాడు.

అంతకంటే గుండెల్లో గుచ్చుకున్న సంగతి ఇంకోటుంది. గేటు దగ్గర తిరుమల్, లోవలక్ష్మి గుసగుసలాడుకోవడం రెండుమూడు సార్లు చూశాడు. తను కనబడగానే ఇద్దరూ ఠక్కున ఆపేశారు. ఇన్నేళ్ళ కాపురంలో లోవలక్ష్మి అతని దగ్గర ఒక్క మాట దాచి ఎరగదు. ఇప్పుడు దాస్తోంది. టోలు పోతే పోయింది గానీ, ఈ బాధ అతన్ని కుదురుగా ఉండనివ్వడం లేదు.

మేడ మీదికి కేకేసి తిరుమల్‌ని కిందికి పిలిచాడు.

"మంగళవారం పొద్దున నానక్‌రాంగూడలో నీకేం పని?"

తిరుమల్ లోవలక్ష్మి వైపు చూశాడు. "నేను తీస్కపోలే సార్. జెర ఇడిసిపెట్టుండ్రి. గా టోల్ పైసలు నేను కడ్త."

"తీసుకెళ్ళనివాడివి ఎందుకు కడతావోయ్?"

"ఏటండి ఈ గోల?" అంటూ లోవలక్ష్మి అడ్డం వచ్చింది. "తిరుమల్ భార్యకు నెలలు నిండాయి, పైనే ఉంది. ఊర్మిళ వింటే కంగారు పడుతుంది. పోన్లెండి, వదిలేయండి."

"నువ్వు వాణ్ణి వెనకేసుకు రాకు! ఫొటో వస్తోంది. అందులో వీడి మొహం కనబడిందా, ఈ పూటే గది ఖాళీ చెయ్యాలి. తర్వాత పోలీస్ స్టేషన్‌లో మాట్లాడుకుందాం."

లోవలక్ష్మి గబగబా వచ్చి అతని చేతిలోని ఫోన్ పట్టుకుంది.

"ఆ ఫొటో చూడకండి. మీకు దణ్ణం పెడతాను."

"ఎందుకు చూడకూడదు?"

ఆమె ఏడుస్తోంది తప్ప చెప్పడం లేదు. తనదనుకున్న మనిషి తన ఎదురుగా నిలబడి దొంగను కాపాడుతోంది. ఇంతకంటే ఇంకేం కావాలి?

"ఏడవకుండ్రి అమ్మా," అన్నాడు తిరుమల్. "ఎన్ని దినాలని దాస్తరు? సార్‌కు చెప్పుండ్రి..."

"వద్దు బాబూ! నువ్వు నోరెత్తకు."

తిరుమల్ మేడమెట్ల వైపు ఒకసారి చూసి, చేతులు కట్టుకున్నాడు.

"నేనే తీస్కపోయిన సార్. తప్పయింది. గది ఖాళీ చేస్త."

"అద్గదీ! ఇప్పుడొచ్చావు దారికి!" అని వరహాలు బల్ల గుద్దాడు. కోపం ఇంకా చల్లారలేదు గానీ, ఎక్కడో హాయిగా కూడా ఉంది. తను పొరబడలేదు.

చేతిలో ఫోన్ టింగుమంది. ఫొటో వచ్చింది.

"దొంగ ఒప్పుకున్నాడు, సాక్ష్యం కూడా వచ్చింది. నువ్వే చూడు," అని భార్య చేతిని విదిలించుకుని, కళ్ళజోడు సర్దుకుని ఫొటో పెద్దది చేశాడు.

కారు తనదే. నంబరు తనదే. వినాయకుడి దగ్గర మందారం అప్పుడే కోసినట్టుంది.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడలో పాత ఆఫీసు బ్యాడ్జీ వేసుకుని, వేళకి పనికి వెళ్తున్న మనిషిలా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నది వరహాలే.